కొత్త లెక్చరర్‌ని ముందు బడికి తీసుకెళ్ళండి

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

విశ్వవిద్యాలయాల్లో కొత్త అధ్యాపకులు చేరే కాలం కాబట్టి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటికి విషయం అదే. అందులోనూ విద్యా కళాశాలల వాళ్ళు ఎక్కువమంది రాశారు. ఉద్యోగమంతా ఛాత్రోపాధ్యాయులకు (టీచరు శిక్షణ తీసుకునే విద్యార్థులకు) భౌతికశాస్త్ర బోధన పద్ధతులు చెప్పి, మధ్యలో కొంతకాలం విభాగాధిపతి కుర్చీలో కూడా కూర్చుని రిటైరైనదాన్ని కనక వీటిని ముందు తీశాను. చేర్చుకునేవాళ్ళూ రాశారు, చేరినవాళ్ళూ రాశారు. రెండు రకాల ఉత్తరాలనూ పక్కపక్కన పెట్టి చదివితే ఒకరి ఫిర్యాదుకు ఇంకొకరు జవాబు చెబుతున్నట్టే ఉంది. పేర్లు వేయొద్దని అందరూ కోరారు, వేయడం లేదు.

ప్రశ్న: మేడం, మా విద్యా కళాశాలలో ఈసారి ఒకేసారి ఏడుగురు కొత్త అధ్యాపకులు చేరుతున్నారు. స్వాగత కార్యక్రమం బాధ్యత నాకు అప్పగించారు. ఎప్పుడూ జరిగేది ఇదే: ఉదయం సభ, పరిచయాలు, డీన్ ప్రసంగం, ఆపైన లైబ్రరీ, పరీక్షల విభాగం, ఐటీ, అకౌంట్స్ వాళ్ళ పవర్‌పాయింట్లు, సాయంత్రం గ్రూప్ ఫోటో. మరుసటి వారం అవే విషయాలు అడుగుతూ అందరూ నా గదికే వస్తారు. ఏం మార్చమంటారు?
ఒక విభాగాధిపతి

జవాబు: ఫోటో ఉంచండి. పేర్లు గుర్తు రానప్పుడు అందరికీ పనికొస్తుంది. పవర్‌పాయింట్లు మాత్రం తీసేయండి. ఒక పూటలో నలుగురు వచ్చి నాలుగు విభాగాల నియమాలన్నీ ఏకరువు పెడితే వినేవాళ్ళ బుర్రలో ఎంత నిలుస్తుందో తెలియనివాళ్ళమా మనం? ఒక పీరియడ్‌లో ఒకటి రెండు భావనలకు మించి పెట్టొద్దని లెసన్ ప్లాన్ల మీద ఎర్ర సిరాతో రాసేది మనమే. ఆ ఎర్ర సిరా స్వాగత సభ కార్యక్రమ పత్రం మీద కూడా ఒకసారి పడితే మంచిది.

మొదటి రోజు ఉదయం వాళ్ళను సమావేశ మందిరానికి కాకుండా, మీ ఛాత్రోపాధ్యాయులు టీచింగ్ ప్రాక్టీస్ చేసే బడికి తీసుకెళ్ళండి. చేరే సమయానికి ప్రాక్టీస్ మొదలవకపోతే మొదలైన వారంలోనే తీసుకెళ్ళండి, సభను కూడా ఆ వారానికే జరపండి. సభ ఆలస్యమైందని ఏడ్చిన కొత్త ఉద్యోగి ఎక్కడా ఉండడు. ఇద్దరిద్దరి చొప్పున ఒక సీనియర్ సూపర్‌వైజర్ వెంట పంపండి. ఏడుగురూ ఒకే తరగతి గదిలోకి వెళ్తే పాఠం చెప్పే అమ్మాయికి నోట మాట రాదు. వెనక బెంచీలో కూర్చుని పీరియడ్ మొత్తం చూడనివ్వండి. చేతికి అబ్జర్వేషన్ షీటు ఇవ్వకండి, తెల్ల కాగితం ఇవ్వండి. షీటు చేతిలో ఉంటే గడులు నింపే పనిలో పడిపోతారు, పాఠం దాటిపోతుంది.

అసలు సంగతి పాఠం అయ్యాక ఉంటుంది. సీనియర్ ఆ ఛాత్రోపాధ్యాయురాలిని వరండాలోకి పిలిచి మాట్లాడేటప్పుడు కొత్తవాళ్ళు పక్కనే ఉండాలి. మీ కళాశాలలో దేన్ని మంచి పాఠం అంటారో, దేన్ని తప్పంటారో, దేన్ని చూసీ చూడనట్టు వదిలేస్తారో ఆ కాసేపట్లో అర్థమైనంతగా ఏ హ్యాండ్‌బుక్ చదివినా అర్థం కాదు. ఎవరి వెంట పంపుతున్నారన్నది మాత్రం చూసుకోండి. "నల్లబల్ల వాడకం బాగుంది, గొంతు పెంచాలి" అని రెండు ముక్కలు రాసి సంతకం పెట్టి వెళ్ళిపోయే సూపర్‌వైజర్లు అన్నిచోట్లా ఉంటారు, వారికి ఆ రోజు వేరే పని అప్పగించండి. "స్ట్రాతో పీలిస్తే నీళ్ళు పైకెందుకొస్తాయని అడిగావు. ఒక అబ్బాయి 'నోరు లాగుతుంది కాబట్టి' అన్నాడు. నువ్వు 'కాదు' అని పక్కవాణ్ణి అడిగావు. పక్కవాడు గాలి పీడనం అన్నాడు, నువ్వు సంతోషించావు. మరి ఆ మొదటి అబ్బాయి ఇంటికెళ్ళేటప్పుడు ఏమనుకుంటూ వెళ్తాడు?" అని అడిగే మనిషి మీ దగ్గర ఒక్కరున్నా చాలు. వంతులవారీగా ఏడుగురినీ వారి వెంటే పంపండి. వారం పట్టినా ఫర్వాలేదు.

ఇంతగా ఎందుకు పట్టుబడుతున్నానంటే, అమెరికన్ సామాజికశాస్త్రవేత్త డాన్ లోర్టీ 1975లో ఒక లెక్క చెప్పాడు. ఉపాధ్యాయుడు కావాలని వచ్చేవాడు బడి చదువు ముగించేనాటికే దాదాపు 13,000 గంటలు టీచర్ల ఎదుట గడిపి ఉంటాడని. టీచరు నిలబడి చేసేదంతా పిల్లవాడికి కనబడుతుంది. దాని వెనక నడిచే ఆలోచన, ఇది వదిలి అది ఎంచుకోవడం, ఇవి కనబడవు. కనబడినదే బోధన అనుకుని శిక్షణకు వస్తాడు. ఈ మాట మనం ఛాత్రోపాధ్యాయుల గురించి చెప్పుకుంటాం గానీ కొత్త లెక్చరర్ సంగతీ అంతే. ఆయన చదువుకున్న చోట సూపర్‌వైజర్ ఎలా చేసేవారో అదే ఇక్కడా చేస్తాడు. ఏడాది గడిచాక "మా దగ్గర అలా కాదండీ" అని చెప్పడం మీకూ కష్టమే, ఆయనకూ కష్టమే.

సభ చివర "ఏమైనా సందేహాలున్నాయా?" అని అడిగి, ఎవరైనా చెయ్యెత్తేలోపే "అయితే ముగిద్దాం" అంటాం చూశారూ, దాని గురించి కూడా చెప్పాలి. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు సైన్సు తరగతుల టేపులు వింటూ, ప్రశ్న అడిగాక టీచర్లు ఆగేది సగటున ఒక సెకను మాత్రమేనని 1970లలో చూపించింది. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవవుతాయి, మామూలుగా నోరెత్తని పిల్లలూ మాట్లాడతారు. ఇది మన సిలబస్‌లోనే ఉన్న పాఠం. కాకపోతే కొత్త ఉద్యోగి మూడు సెకన్లు కాదు, మూడు నిమిషాలు ఆగినా డీన్ ముందు అడగడు. సందేహాల సమావేశాన్ని మూడో వారంలో పెట్టండి, డీన్‌ను పిలవకండి. అప్పటికి వాళ్ళ దగ్గర అసలైన సందేహాలు పోగుపడి ఉంటాయి. హాజరు తక్కువైన విద్యార్థిని ప్రాక్టీస్‌కు పంపొచ్చా? లెసన్ ప్లాను ఇంకొకరిది చూసి దించేశాడని తెలిస్తే ఎవరికి చెప్పాలి? బడి హెడ్మాస్టరు సెలవు పెట్టిన టీచర్ల పీరియడ్లన్నిటికీ మన పిల్లల్నే పంపుతుంటే ఆయనతో మాట్లాడాల్సింది కొత్త సూపర్‌వైజరా, మీరా? (మీరే. ఆ పని కొత్తవాళ్ళ నెత్తిన పెట్టకండి.)

స్లైడ్ల బదులు ఒక్క పేజీ కాగితం చాలు. ఏ పనికి ఏ మనిషి అన్నది రాయండి. "పరీక్షల విభాగం" అని కాదు, అక్కడ మార్కుల జాబితా తీసుకునే మనిషి పేరు, గది నంబరు, ఏ వేళకు సీట్లో ఉంటారో. ఆ కాగితం సరిగ్గా రాస్తే మీ గది ముందు వరుస సగం తగ్గుతుంది.

ప్రశ్న: కొత్తవాళ్ళకు జ్ఞాపికగా ఏమిస్తే బాగుంటుంది? మా కమిటీలో రెండు మీటింగులైనా తేలలేదు.
స్వాగత కమిటీ సభ్యురాలు

జవాబు: వాళ్ళ గది తాళం చెవి. దానితోపాటు పనిచేసే లాగిన్, తలుపు మీద అక్షరదోషం లేని పేరు. ఈ మూడూ మొదటి రోజే అందినవాళ్ళను నేను ఇంతవరకూ కలవలేదు. మూడో మీటింగు దీనికోసం పెట్టుకోండి.

ప్రశ్న: చాలా ఏళ్ళు హైస్కూల్లో గణితం చెప్పాను. ఉద్యోగం చేస్తూనే పీహెచ్‌డీ పూర్తిచేసి ఇప్పుడు విశ్వవిద్యాలయ విద్యా కళాశాలలో చేరాను. ఇక్కడ అందరూ సిద్ధాంతాలు, జర్నళ్ళు, సైటేషన్ల గురించే మాట్లాడుకుంటారు. స్వాగత సభలో మిగతావాళ్ళ పరిశోధనలన్నీ చదివి, నా వంతు వచ్చేసరికి "వీరు స్కూల్ టీచర్‌గా పనిచేశారు" అని ఒక్క ముక్కతో కానిచ్చారు. మీటింగుల్లో నోరు విప్పాలంటే సంకోచంగా ఉంది మేడం.
ఒక అధ్యాపకురాలు

జవాబు: జర్మనీలోని హాలె విశ్వవిద్యాలయం 1779లో బోధనశాస్త్రానికంటూ ఒక ఆచార్య పదవి ఏర్పాటు చేసి ఎర్నెస్ట్ క్రిస్టియన్ ట్రాప్‌కు ఇచ్చింది. మన వృత్తిలో ఆ కుర్చీ ఎక్కిన తొలి మనిషిగా ఆయన్నే చెబుతారు. అంతకుముందు ఆయన చేసింది బడిపంతులు ఉద్యోగమే. కాబట్టి మీరు పెరటి గుమ్మంలోంచి వచ్చారని అనుకోకండి. 1783కల్లా ట్రాప్ ఆ పదవి వదిలి వెళ్ళిపోయిన మాట కూడా నిజమే, బడినుంచి వచ్చినవాళ్ళు విశ్వవిద్యాలయంలో కుదురుకోవడం అప్పుడూ తేలిక కాదు.

మీతో నాకున్న పేచీ ఒకటే. మీ దగ్గరున్నది జ్ఞానమని మీరే ఒప్పుకోవడం లేదు. 0.25, 0.3లలో ఏది పెద్దదని అడిగితే చాలామంది పిల్లలు 0.25 అంటారని, 25 మూడు కంటే పెద్దది కదా అని వాళ్ళ లెక్క అని మిమ్మల్ని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. అక్కడితో ఆగరు. 0.3 అని సరిగ్గా చెప్పిన పిల్లల్లో కూడా కొందరు, చుక్క తర్వాత అంకెలు ఎక్కువుంటే ఆ సంఖ్య ఎప్పుడూ చిన్నదే అనుకుని అలా చెప్పారని మీకు తెలుసు. వాళ్ళను పట్టుకోవాలంటే 0.45, 0.3 ఇచ్చి అడగాలనీ తెలుసు. గణితంలో పెద్ద డిగ్రీ ఉన్నవారికి ఇది తెలిసి ఉండాలని లేదు. మనస్తత్వశాస్త్రం మాత్రమే చదివినవారికీ తెలియదు. విషయానికీ పద్ధతికీ నడుమ ఎవరి లెక్కలోకీ రాకుండా పోతున్న ఈ జ్ఞానాన్ని అమెరికన్ విద్యా మనస్తత్వవేత్త లీ షుల్మన్ 1986లో పట్టుకుని 'పెడగాజికల్ కంటెంట్ నాలెడ్జ్' అని పేరు పెట్టాడు. ఉపాధ్యాయ శిక్షణ మీద ఆ తర్వాత వచ్చిన పరిశోధనలో పెద్ద భాగం దాని చుట్టూనే తిరిగింది. మీ సహోద్యోగులు జర్నళ్ళలో చదువుతున్నది మీరు తరగతిలో చేసిన పని గురించే.

అయితే ఇంకో వైపు కూడా చెప్పాలి. "మా స్కూల్లో నేనైతే ఇలా చేసేదాన్ని" అన్న మాట మొదటి నెలలో ఛాత్రోపాధ్యాయులకు తెగ నచ్చుతుంది. మూడో నెలకు అరిగిపోతుంది. పిల్లలకు గణితం చెప్పడం వేరు, గణితం చెప్పడమెలాగో పెద్దవాళ్ళకు నేర్పడం వేరు. మీరు చేసినదాన్ని విడదీసి చూపించాలి: ఆ ఉదాహరణే ఎందుకు తీసుకున్నారు, ఏ తరగతిలో అది పారలేదు, తప్పు జవాబు విన్నాక తర్వాతి ప్రశ్న ఎలా ఎంచుకున్నారు. మంచి టీచర్లు చాలామంది ఇక్కడే తడబడతారు, ఎందుకంటే అది వాళ్ళకు అలవాటై ఆలోచించకుండానే వచ్చేస్తుంది.

మీటింగు సంగతి. ఈసారి సిలబస్ మార్పు గురించి చర్చ వచ్చినప్పుడు పిల్లల నోటుపుస్తకాల్లోంచి ఒకే లెక్కకు వచ్చిన రకరకాల తప్పు జవాబుల నకళ్ళు, పేర్లు కొట్టేసి, బల్ల మీద పెట్టండి. "ఈ పిల్లలకు ఏం చెప్పాలో మన మెథడ్స్ పేపర్‌లో ఎక్కడుంది?" అని ఒక్క ప్రశ్న వేయండి. మిగతా మాటలు వాళ్ళే మాట్లాడతారు.

ప్రశ్న: పీహెచ్‌డీ అవగానే నేరుగా లెక్చరర్‌గా చేరాను. బడిలో ఎప్పుడూ పనిచేయలేదు. గంట క్లాసుకు రాత్రి పొద్దుపోయేదాకా తయారవుతున్నాను, అయినా భయం తగ్గదు. మొన్న ఒక విద్యార్థిని "సార్, మీరు స్కూల్లో ఎన్నేళ్ళు చెప్పారు?" అని అడిగితే మాట మార్చేశాను. మెంటర్‌గా వేసిన సీనియర్ ఆచార్యులు ఇంతవరకూ ఎదురుపడలేదు. నా వ్యాసాలన్నీ సెలవులకు వాయిదా వేశాను.
ఒక యువ అధ్యాపకుడు

జవాబు: "చెప్పలేదమ్మా, నువ్వు ప్రాక్టీస్ చేసే బడిలో వారానికో పీరియడ్ అడిగి తీసుకున్నాను, వచ్చి చూడు" అనండి. రెండో ముక్క నిజం కావాలంటే ముందు ఆ బడి హెడ్మాస్టరును కలిసి పీరియడ్ అడగాలి. సాధారణంగా కాదనరు, ఉచితంగా వచ్చే మాస్టారు ఎవరికి చేదు? మీ పాఠం ఛాత్రోపాధ్యాయులు వెనక కూర్చుని చూసి విమర్శించనివ్వండి. ఆ అమ్మాయి ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు లేదు.

తయారీ గురించి. రాబర్ట్ బోయిస్ అనే మనస్తత్వవేత్త కొత్తగా చేరిన విశ్వవిద్యాలయ అధ్యాపకులను ఏళ్ళ తరబడి గమనించాడు. ఎక్కువమంది అచ్చం మీలాగే ఉన్నారు. విద్యార్థులు ఎక్కడ తప్పు పడతారోనని విషయం మీద విషయం గుప్పించారు, రాయడానికి తీరిక తర్వాత దొరుకుతుందనుకున్నారు, తోటివాళ్ళు ఎవరూ పలకరించడం లేదని బాధపడ్డారు. త్వరగా కుదురుకున్నవాళ్ళు కొద్దిమందే. వాళ్ళు తయారీ సమయానికి హద్దు పెట్టుకున్నారు, రాతపని రోజూ కాస్త కాస్తగా చేశారు, పాఠాల గురించి మాట్లాడటానికి ఎవరో రావాలని చూడకుండా తామే వెళ్ళి తలుపు తట్టారు. పొద్దుపోయేదాకా తయారైన పాఠంలో సగం చెప్పడానికి పీరియడ్ చాలదు. చాలదని తెలిసి వేగం పెంచుతారు. అప్పుడు విద్యార్థులు రాసుకోవడం తప్ప ఏమీ చేయరు, వాళ్ళ మౌనం చూసి మీకు ఇంకా భయం. రేపటి పాఠంలోంచి మూడో వంతు తీసేసి, అక్కడ రెండు ప్రశ్నలు పెట్టి చూడండి.

మెంటర్ గారు కనబడలేదంటే అందులో విచిత్రమేమీ లేదు. "మీ సలహా కావాలి" అంటే ఎవరికీ తీరిక ఉండదు. "రేపు మీరు అబ్జర్వేషన్‌కు వెళ్తుంటే నేనూ వెంట వస్తాను సార్" అంటే మాత్రం వద్దనడం కష్టం.

ప్రశ్న: కొత్తగా చేరినవాళ్ళందరూ మొత్తం అధ్యాపకుల ఎదుట ఒక డెమో పాఠం చెప్పాలని మా డీన్ గారి ఆలోచన. "అందరికీ పరిచయమవుతారు" అంటున్నారు. మంచిదేనా?

జవాబు: వాళ్ళ పాఠం విని, నచ్చే కదా ఉద్యోగంలోకి తీసుకుని ఉంటారు! మళ్ళీ ఎందుకు? 1963లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డ్వైట్ ఆలెన్ బృందం ఛాత్రోపాధ్యాయుల శిక్షణకు సూక్ష్మబోధన (మైక్రోటీచింగ్) మొదలుపెట్టినప్పుడు అన్నిటినీ చిన్నవి చేసింది. కొద్ది నిమిషాల పాఠం, కొద్దిమంది పిల్లలు, ఒకే ఒక్క నైపుణ్యం. అన్నిటికంటే ముఖ్యం, లోపం తెలిశాక అదే పాఠం మళ్ళీ చెప్పే అవకాశం. మీ డీన్ గారి ఏర్పాటులో గది పెద్దది, చూసేవాళ్ళు ఎక్కువ, రెండో అవకాశం లేదు. అది పరిచయం కాదు, పరీక్ష. అంతగా సరదా ఉంటే ముందు డీన్ గారు ఒక పాఠం చెప్పాలి, తర్వాత ఇద్దరు సీనియర్లు, కొత్తవాళ్ళు వెనక కూర్చుని వ్యాఖ్యానించాలి. ఈ ప్రతిపాదన చేసి చూడండి. కార్యక్రమం దానంతటదే రద్దయ్యే అవకాశం ఎక్కువ.

ప్రశ్న: చేరేటప్పుడు పరిశోధనకు వారంలో ఒక రోజు ఖాళీ ఇస్తామని నోటిమాటగా చెప్పారు. టైమ్‌టేబుల్ వచ్చాక చూస్తే ఆ రోజు మూడు క్లాసులు, ఒక ప్రాక్టీస్ బడి. అడిగితే కొత్తగా వచ్చి పేచీ పెట్టినట్టవుతుందేమో. స్వాగత సభలో అంత బాగా మాట్లాడినవాళ్ళను ఎలా అడగను?

జవాబు: సభలో మాట్లాడినవారికి టైమ్‌టేబుల్ వేసేది ఎవరో కూడా తెలిసి ఉండకపోవచ్చు. మోసం చేశారని అనుకోకండి, అలాగని ఊరుకోకండి.

అమెరికన్ విద్యాతత్వవేత్త జాన్ డ్యూయీ అంతటివాడు షికాగో విశ్వవిద్యాలయంలో 1896లో 16 మంది పిల్లలతో, విద్య గురించిన ఆలోచనలను పరీక్షించి చూసే ప్రయోగశాల బడి పెట్టాడు. విద్యాశాస్త్రం చదివినవాళ్ళందరికీ ఆ బడి పేరు తెలుసు. 1904లో ఆయన బడినీ విశ్వవిద్యాలయాన్నీ వదిలేసి కొలంబియాకు వెళ్ళిపోయాడు. గొడవలు చాలానే ఉన్నాయి గానీ, తెగేదాకా లాగింది మాత్రం ఆ బడి ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆయన భార్య ఆలిస్ నియామకం. అది ఒక్క ఏడాదికేనని విశ్వవిద్యాలయ అధ్యక్షుడు హార్పర్ అనుకున్నాడు, కొనసాగేదని డ్యూయీ దంపతులు అనుకున్నారు. మొదట్లోనే ఒక వాక్యం కాగితం మీద పెట్టి ఉంటే వ్యవహారం ఎలా నడిచేదో!

ఈ రోజే విభాగాధిపతికి ఈమెయిల్ రాయండి. ఫిర్యాదులా వద్దు. "చేరేటప్పుడు ఫలానా రోజు పరిశోధనకు కేటాయిస్తామన్నారు, టైమ్‌టేబుల్‌లో ఆ రోజు క్లాసులు పడ్డాయి, వీటిని ఫలానా రోజుకు మార్చడానికి వీలుందేమో చూశాను, ఈ గదులు ఖాళీగా ఉన్నాయి" అని మార్పు కూడా మీరే సూచిస్తూ రాయండి. ప్రాక్టీస్ బడిని కదపమని మాత్రం అడగకండి, బడి టైమ్‌టేబుల్ మన చేతిలో ఉండదు. మూడు క్లాసుల్లో రెండు వేరే రోజుకు మారినా సగం రోజు మీదవుతుంది. వారంలోగా జవాబు రాకపోతే టైమ్‌టేబుల్ వేసే సహోద్యోగి దగ్గరకు ఆ ఈమెయిల్ ప్రింటు తీసుకుని వెళ్ళండి. వచ్చే సెమిస్టర్‌ది ఆయన ఇప్పటికే మొదలుపెట్టి ఉంటారు.